భుజానికి నీలం టేపు వేశారు, చెయ్యి లేస్తోంది. కండరానికి నిజంగా ఏమన్నా అవుతోందా?

షటిల్ శీను (విజయవాడ)

అందరికీ నమస్తే. కుడి భుజం నెలల తరబడి సతాయిస్తోంది. పొద్దున్నే ఆఫీసుకి ముందు ఇండోర్ కోర్టులో షటిల్ ఆడతాను, పెద్ద ఆటగాణ్నేం కాదు, అలవాటు అంతే. చెయ్యి పక్క నుంచి పైకెత్తితే సగం దాకా బానే ఉంటుంది, అక్కడి నుంచి ఇంకొంచెం లేపేసరికి కలుక్కుమంటుంది, అది దాటించి చెవి దాకా తెస్తే మళ్లీ మామూలే. స్మాష్ కొట్టినప్పుడైతే చెప్పక్కర్లేదు. ఆర్థో డాక్టరు స్కానింగ్ చేయించి, సుప్రాస్పైనేటస్ టెండన్ (చెయ్యి ఎత్తే కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిదట) దెబ్బతింది కానీ చిరగలేదు, ఫిజియోథెరపీ చేయించుకో అన్నారు.

ఫిజియో గారు మొదటి రోజే ఒక నీలం టేపు (కైనీషియో టేపు అంటారట) తీసి, కత్తెరతో నిలువునా చీల్చి వై ఆకారంలో చేసి, ఒక ముక్క భుజం ముందూ వెనకా వచ్చేట్టు, ఇంకోటి మెడ వైపు నుంచి అతికించారు. ఇప్పుడు ఎత్తండి అన్నారు. ఎత్తాను. నొప్పి సగానికి సగం లేదు! ఇందులో మందేం లేదండీ, బట్టా జిగురూ అంతే అంటారాయన. మందు లేకుండా రెండు నిమిషాల్లో ఎలా తగ్గింది? కండరానికి బలం వచ్చిందా, రక్తం పెరిగిందా, లేక నా భ్రమా? ముందు టోర్నమెంటు ఒకటుంది, ఇది వేసుకుని ఆడేయొచ్చా? మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన బ్రహ్మాండం అంటాడు, ఇంకొకాయన పచ్చి మోసం అంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు కారం

నీలం రంగు చలవ చేస్తుంది, ఎరుపు వేడి చేస్తుంది అని మా ఊరి స్పోర్ట్స్ షాపతను చెప్పాడు బ్రో. నీకు నీలం పడింది, అదృష్టవంతుడివి 😄

ఫిజియో కాకినాడ

రంగుకీ పనికీ ఏ సంబంధం లేదండీ. నీలం, నలుపు, గులాబీ, చర్మం రంగు అన్నీ ఒకే సరుకు. షాపతనికి నీలం స్టాకు ఎక్కువ మిగిలి ఉంటుంది.

శీను గారూ, వరసగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది. ఆ టేపు నూలు బట్ట, మధ్యలో సాగే దారం, వెనక అక్రిలిక్ జిగురు. మామూలుగా 5 సెంటీమీటర్ల వెడల్పు, 5 మీటర్ల రోలు. నిలువుగానే సాగుతుంది, అడ్డంగా సాగదు. కాగితం మీద అతికించి వచ్చేటప్పుడే 10 నుంచి 15 శాతం సాగదీసి ఉంటుంది, కాబట్టి మనం అస్సలు లాగకుండా వేసినా చర్మాన్ని కొద్దిగా దగ్గరికి లాగుతూనే ఉంటుంది. చెయ్యి కిందికి దించి చూసుకోండి, టేపు కింద సన్నటి ముడతలు కనిపిస్తాయి. ఆ ముడతల వల్ల చర్మం పైకి లేచి, కింద రక్తమూ శోషరసమూ బాగా ప్రవహిస్తాయనేది దీన్ని తయారుచేసినవాళ్ల సిద్ధాంతం. వినడానికి బాగుంటుంది. నడుము నొప్పివాళ్ల మీద 2014లో ఒక ట్రయల్ వచ్చింది, 148 మంది, సగం మందికి ముడతలు వచ్చేట్టు, సగం మందికి రాకుండా వేశారు. రెండు గుంపులకీ ఒకేలా తగ్గింది.

మరి మీకెందుకు తగ్గింది అంటే, ఎక్కువమంది ఒప్పుకునే మాట ఏంటంటే చర్మానికి తగిలే స్పర్శ. గుమ్మానికి మోచెయ్యి కొట్టుకుంటే గబగబా రుద్దుకుంటాం చూడండి, అలాంటిదే. స్పర్శ కబురు వెన్నుపాములోకి చేరితే నొప్పి కబురుకి గేటు వేసినట్టై అది కొంత అణుగుతుంది, మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లోనే ఈ గేటు సంగతి చెప్పారు. టేపు వేసినంతసేపూ ఆ స్పర్శ ఉంటుంది, మీరు కదిలినప్పుడల్లా కొత్తగా తగులుతుంది.

నొప్పి తగ్గితే చెయ్యి ఇంకాస్త పైకి లేస్తుంది. అక్కడ కండరానికి కొత్త బలమేం రాలేదు, ఉన్న బలాన్ని నొప్పి ఇన్నాళ్లూ వాడుకోనివ్వలేదు, ఇప్పుడు కాస్త వదిలింది. మనం చెయ్యి పూర్తిగా ఎత్తే 180 డిగ్రీల్లో దాదాపు 120 భుజం కీలుది, 60 వెనకున్న రెక్క ఎముకది. రెక్క ఎముక సరిగ్గా తిరగాలంటే సెరేటస్ ఆంటీరియర్, కింది ట్రపీజియస్ అనే కండరాలు పనిచెయ్యాలి. నొప్పి ఉన్నవాళ్లు భుజాన్ని చెవి దాకా ఎగరేసి ఎత్తుతుంటారు, అద్దంలో చూసుకుంటే తెలిసిపోతుంది. టేపు చర్మాన్ని లాగుతుంటే "ఓహో, భుజం ఎగరేస్తున్నాను" అని గుర్తొస్తుంది, కొంతమందికి ఆ గుర్తు చాలు.

టోర్నమెంటు సంగతి తర్వాత చెప్తాను, పేషెంటు వచ్చారు.

లెక్కల మాస్టారు

ఫిజియో గారు నిజాయితీగా చెప్పారు కాబట్టి సగం గొడవ తప్పింది. మిగతా సగం నేను చెప్తాను. నేను డాక్టర్ని కాను, రిటైరైన లెక్కల టీచర్ని, ఎవరైనా "పనిచేస్తుంది" అంటే దేనితో పోల్చి చూశారని అడగడం నా జబ్బు.

భుజం మీదే 2008లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. శీనుకి ఉన్నలాంటి నొప్పే ఉన్న 42 మంది కాలేజీ కుర్రాళ్లు. కొందరికి పద్ధతి ప్రకారం టేపు, కొందరికి ఉత్తుత్తి టేపు. వేసిన వెంటనే అసలు టేపువాళ్లకి నొప్పి లేకుండా చెయ్యి పక్కకి ఎత్తడం సగటున 17 డిగ్రీల దాకా పెరిగింది. శీను చెప్పిన సంగతి ఇదే. కానీ కథ అక్కడితో ఆగదు, మూడో రోజు, ఆరో రోజు చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. మొదటి రోజు మెరుపు, తర్వాత మామూలే.

2021లో కోక్రేన్ (వైద్య పరీక్షలన్నీ కలిపి తూచి చూసే సంస్థ) వాళ్లు భుజం టెండన్ల జబ్బు మీద ఈ టేపు పరీక్షలన్నీ పోగేశారు, 23 పరీక్షలు, 1054 మంది. ఉత్తుత్తి టేపు కన్నా, వ్యాయామం లాంటి మిగతా చికిత్సల కన్నా ఇది మేలని నమ్మకంగా చెప్పలేం అని తేల్చారు. చాలా పరీక్షల నాణ్యత అంతంతమాత్రం అని కూడా రాశారు.

ఇక కండరానికి బలం అనే మాట. దీనికి హాంకాంగ్‌వాళ్లు చేసిన పరీక్ష నాకు భలే నచ్చింది, 2015లో వచ్చింది. 30 మంది ఆరోగ్యవంతులు. వాళ్లకి టేపు అని చెప్పలేదు, "మీ తొడకి సెన్సర్లు అతికిస్తున్నాం" అని చెప్పి, ఒకసారి అసలు టేపు, ఒకసారి ఉత్తుత్తిది, ఒకసారి ఏమీ లేకుండా మెషీన్ మీద బలం కొలిచారు. తేడా సున్నా. ముంజేతి కండరాల మీద కూడా ఇలాగే చూశారు, పిడికిలి పట్టులో మార్పు లేదు.

ఫిజియో కాకినాడ

మాస్టారూ, ముంజేతి పరీక్షలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మాకు కోర్సుల్లో ఏం నేర్పారంటే, కండరం మొదలయ్యే చోటు నుంచి చివరికి అతికిస్తే కండరాన్ని లేపుతుంది, చివరి నుంచి మొదటికి అతికిస్తే నెమ్మదింపజేస్తుంది అని. దీన్నిబట్టే పటాలు, సర్టిఫికెట్లు, ఫీజులు. ఆ పరీక్షలో రెండు దిశల్లోనూ వేసి చూస్తే కండరం విద్యుత్తులోనూ తేడా లేదు, పట్టులోనూ లేదు. నేను దిశల సంగతి పట్టించుకోవడం మానేశాను. మా సీనియర్లు కొందరు దీనికి నా మీద గుర్రుగా ఉంటారు, ఉండనీయండి.

డల్లాస్ బావ

చరిత్ర కాస్త నేను చెప్తా. ఇది జపాన్ సరుకు. కెంజో కాసే అని ఒక కైరోప్రాక్టర్ (వెన్నెముక, కీళ్లు చేత్తో సరిచేసేవాడు) 1970ల్లో తయారుచేశాడు. అప్పటిదాకా ఉన్న తెల్ల టేపులు కీలుని కదలనివ్వవు, కదులుతూ ఉండగానే పట్టుకునే టేపు కావాలని ఆయన ఆలోచన. ఆ దేశం దాటి జనం కళ్లలో పడింది మాత్రం 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో. కంపెనీ 58 దేశాల జట్లకి 50,000 రోళ్లు ఉచితంగా పంచింది. బీచ్ వాలీబాల్‌లో కెర్రి వాల్ష్ భుజం మీద నల్లటి టేపు, ఆమె అంతకుముందే భుజం ఆపరేషన్ చేయించుకుంది, పైగా బంగారు పతకం. ఇంకేముంది, టీవీలో అందరూ "ఆ సాలెగూడు ఏంటి" అని అడగడమే. 2012 యూరో ఫుట్‌బాల్‌లో ఇటలీ ఆటగాడు బలొటెల్లి చొక్కా విప్పితే వీపు మీద మూడు నీలం గీతలు. అంతకన్నా ప్రకటన ఏం కావాలి?

ఇక్కడ మా వీకెండ్ క్రికెట్ లీగ్‌లో సగం మందికి ఒంటి మీద టేపు ఉంటుంది, ఆట కన్నా టేపు ఎక్కువ 😂 కొన్నేళ్ల కింద ఇక్కడ ఒక టేపు కంపెనీ మీద కొన్నవాళ్లు కోర్టుకెళ్తే, ప్రకటనల్లో చెప్పినంత లేదని, 17.5 లక్షల డాలర్లకి రాజీ చేసుకున్నారు కూడా. అయినా అమ్మకాలు తగ్గలేదు.

గుంటూరు కారం

ఫ్రీగా పంచినప్పుడే అనుమానం రావాలి బావా.

నల్గొండ పోరడు

అన్నా, మా నాయిన తాటిచెట్లు ఎక్కుతడు. మోకు ముస్తాదు కట్టుకొని పొద్దున సాయంత్రం ఎక్కుడు దిగుడు. ఎడమ భుజం చానా రోజుల సంది నొప్పి, గోలీలు మింగుడే తప్ప పని మానడు. మా దోస్తు జిమ్‌ల ఈ టేపు చూపించి, ఏస్తే నొప్పి తెల్వదు, ఎక్కొచ్చు అన్నడు. ఏయమంటరా? చెమటకు ఉంటదా?

ఫిజియో కాకినాడ

తమ్ముడూ, ఇక్కడ వద్దని గట్టిగా చెప్తాను. శీను గారికి కోర్టులో నొప్పి వస్తే రాకెట్ కింద పెట్టి పక్కకొస్తారు. మీ నాన్నగారు ముప్పై అడుగుల పైన మోకు మీద బరువు వేసి ఉంటారు. నొప్పి కొంత కప్పెట్టి పైకి ఎక్కితే, టెండన్‌లో చిరుగు ఉన్నా తెలియదు, చెయ్యి ఒక్కసారి పట్టు తప్పితే అంతే. టేపు భుజాన్ని మోయదు. చెమటకి కొంచెం ఆగుతుంది, మోకు రాపిడికి అస్సలు ఆగదు. ముందు చిరిగిందా లేదా చూపించండి. పక్క నుంచి చెయ్యి తనంతట తాను ఎత్తలేకపోతే, లేదా మనం ఎత్తి వదిలితే నిలబెట్టలేక పడిపోతే ఆలస్యం చెయ్యకండి. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర పడుతోందా?

నల్గొండ పోరడు

పడ్తలేదు. రాత్రంత లేచి కూసుంటడు. రేపే నల్గొండ తీస్కపోత.

రాజమండ్రి అమ్మలు

ఈ చర్చ చూసి నాకూ అడగాలనిపించింది. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. భుజం కీలు జారి కిందికి దిగింది అన్నారు, వేలు పెడితే పైన గుంట తెలుస్తుంది. ఇంటికి వచ్చే ఫిజియో అమ్మాయి ఈ టేపు వేస్తోంది. డబ్బు దండగా, మానిపించమంటారా?

ఫిజియో కాకినాడ

అమ్మా, మానిపించకండి. ఇది వేరే లెక్క. పైన మాస్టారు చెప్పిన పరీక్షలన్నీ ఆరోగ్యవంతులవి, భుజం టెండన్ నొప్పి ఉన్నవాళ్లవి. పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు వదులైపోయి, చెయ్యి బరువుకే కీలు కిందికి జారుతుంది. అక్కడ టేపు వల్ల నొప్పి కొంత తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో వచ్చింది. అన్నిట్లోనూ కాదు. కానీ టేపు ఉంది కదా అని మిగతావి వదలకూడదు. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి గాల్లో వేలాడకుండా ఒళ్లో దిండు గానీ బల్ల గానీ పెట్టండి. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, చంకలో చెయ్యి వేసి కూడా లేపకండి. నడుము దగ్గరా, రెక్క ఎముక దగ్గరా పట్టుకుని లేపాలి. ఇంట్లో అందరికీ, సాయానికి వచ్చే మనిషికి కూడా ఇది చూపించండి, చాలా భుజాలు ఇలా లాగడం వల్లే పాడవుతాయి. ఇంకో మాట, ఆమెకి ఆ వైపు స్పర్శ తక్కువగా ఉండొచ్చు, దురద పెట్టినా చెప్పలేరు. టేపు అంచుల దగ్గర ఎర్రగా ఉందేమో రోజూ మీరే చూడాలి.

రాజమండ్రి అమ్మలు

చెయ్యి పట్టుకునే లేపుతున్నారండీ ఆ పనమ్మాయి. ఈరోజే చెప్తాను. చాలా థాంక్స్.

టైలరింగ్ కల్యాణి

నా సంగతి వినండి. షుగర్ ఉంది. కుడి చెయ్యి నెమ్మదిగా బిగుసుకుపోయింది, జడ వేసుకోలేను, జాకెట్ వెనక హుక్స్ పెట్టుకోలేను, కుట్టు మిషను మీద బట్ట తిప్పాలన్నా ప్రాణం పోతుంది. మా దగ్గర ఒక ఫిట్‌నెస్ సెంటరులో చూపిస్తే ఏ పరీక్షా చెయ్యకుండా వారం వారం ఈ టేపే మార్చి మార్చి వేశారు, ప్రతిసారీ డబ్బు. రంగులు మార్చారు అంతే, చెయ్యి ఇసుమంతైనా కదల్లేదు. చివరికి ఆర్థో డాక్టరమ్మ చూసి ఫ్రోజెన్ షోల్డర్ అంది.

ఫిజియో కాకినాడ

కల్యాణి గారూ, ఇది షుగర్ ఉన్నవాళ్లలో మామూలువాళ్ల కన్నా చాలా ఎక్కువ. కీలు చుట్టూ ఉన్న సంచి ముడుచుకుపోయి మందమవుతుంది. చర్మం మీద అతికించిన బట్ట ఆ సంచిని ఎలా సాగదీస్తుంది? సాగదీయలేదు.

అందరికీ ఉపయోగపడుతుందని తేడా చెప్తాను. మోచెయ్యి నడుముకి ఆనించి, తొంభై డిగ్రీలు మడిచి, ముంజేతిని తలుపు తెరిచినట్టు బయటికి తిప్పండి. మీ అంతట మీరు తిప్పలేకపోయి, ఇంకొకరు పట్టుకుని మెల్లగా తిప్పినా గోడ తగిలినట్టు అక్కడే ఆగిపోతే బిగుసుకుపోయిన కీలని అనుమానం. మీరు తిప్పలేకపోయినా ఇంకొకరు తిప్పితే హాయిగా వెళ్తే కండరం, టెండన్ వైపు చూడాలి. ఇది డాక్టరు పరీక్షకి బదులు కాదు, టేపు కొనేముందు ఒక్కసారి ఆలోచించుకోవడానికి.

కర్నూలు బౌలర్

ఆన్‌లైన్లో నాలుగొందలకి రోలు తెప్పించుకుని వీడియో చూసి నేనే వేసుకున్నా. ఎంత గట్టిగా లాగితే అంత పనిచేస్తుంది అని బలంగా లాగి అంటించా. రాత్రికల్లా మంట, తీసేసరికి రెండు కొసల దగ్గరా బొబ్బలు. ఇది అలర్జీనా?

ఫిజియో కాకినాడ

కొసల దగ్గరే బొబ్బలు వచ్చాయంటే ఎక్కువగా లాగుడు వల్లే. అలర్జీ అయితే టేపు ఉన్నంత మేరా దద్దుర్లు, దురద వస్తాయి. రెండు కొసలూ రెండేసి అంగుళాలు అస్సలు లాగకుండా వదిలేసి అతికించాలి, మధ్య భాగమే లాగాలి, అదీ కొద్దిగా. కండరం మీద వేసేదానికి 15 నుంచి 35 శాతం లాగమని దాని పుస్తకాల్లోనే ఉంటుంది. చేత్తో ఆ శాతం ఎవరు కొలుస్తారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు, నేను మాత్రం తక్కువ వైపే ఉంటాను.

వేసే పద్ధతి కూడా చెప్పేస్తాను. చర్మం మీద నూనె, లోషన్, చెమట ఉండకూడదు, వెంట్రుకలు ఎక్కువుంటే ట్రిమ్ చేసుకోండి. కొసలు గుండ్రంగా కత్తిరిస్తే చొక్కాకి తగిలి లేవదు. కాగితాన్ని మధ్యలో చింపండి, జిగురు వైపు వేళ్లతో ముట్టకండి. అతికించాక అరచేత్తో బాగా రుద్దండి, ఆ వేడికే జిగురు పట్టేది. ఆటకి అరగంట, గంట ముందే వేసుకోండి, చెమట పట్టాక అంటించి లాభం లేదు. స్నానం చెయ్యొచ్చు, తువ్వాలుతో అద్దుకోవాలి, రుద్దకూడదు. మూడు నుంచి అయిదు రోజులు ఉంచొచ్చు, మన ఎండాకాలంలో అంత ఆగదు, అంచులు లేస్తే తీసేయండి. గాయాల మీద, చీము పట్టిన చోట, కాళ్ల రక్తనాళాల్లో గడ్డ ఉందన్న అనుమానం ఉన్నా, క్యాన్సర్ ఉన్న చోటా వేయకూడదు. ముసలివాళ్ల పల్చటి చర్మం మీద మరీ జాగ్రత్త.

చిత్తూరు చిన్నోడు

ఒక తింగరి ప్రశ్న. మా వైపు పుత్తూరు కట్టు ఫేమస్ కదా. ఇది కూడా అలాంటి కట్టేనా?

ఫిజియో కాకినాడ

తింగరి ప్రశ్నేం కాదు. పుత్తూరు కట్టు ఎముక విరిగినప్పుడు కదలకుండా బిగించడానికి. ఇది కదలడానికి అడ్డు రాకుండా వేసేది. విరిగిన ఎముకకి ఈ టేపు వేసుకుని తిరిగితే అంతకన్నా ఘోరం లేదు. కీలు కదలిక తగ్గించాలంటే సాగని టేపులు వేరే ఉన్నాయి, అవి మందంగా, తెల్లగా లేదా గోధుమ రంగులో ఉంటాయి, పని కూడా వేరు.

షటిల్ శీను (విజయవాడ)

అందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మాస్టారి మాట విని మా ఫిజియో గారిని అడిగాను, నా మీద ఒక చిన్న పరీక్ష చేద్దామా అని. ఆయన నవ్వి సరే అన్నారు. నన్ను గోడకి వీపు ఆనించి స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, ఒకసారి టేపు, ఒకసారి దెబ్బలకి వేసే సాగని కాగితం ప్లాస్టరు, ఏది ముందో నాకు చెప్పకుండా వేశారు. మా ఆవిడ ఎదురుగా నిలబడి, నొప్పి మొదలైంది అని నేను అనగానే ఫోన్‌లో ఫోటో తీసింది. తర్వాత ఫోటోల మీద గీతలు గీసి కోణం చూశాం.

ఏమీ లేనప్పటి కన్నా టేపుతో చెయ్యి బాగా పైకి వెళ్లింది. ప్లాస్టరుతో కూడా వెళ్లింది! టేపు అంత కాదు, కానీ తీసిపారేసేంత తక్కువా కాదు. ఇంకో సంగతి, రెండోసారి వేసింది ఏదైనా మొదటిదాని కన్నా బాగున్నట్టే అనిపించింది, బహుశా అప్పటికే చెయ్యి కదిలి వేడెక్కిందేమో. మా ఆవిడ అయితే, "అరటాకు కట్టినా ఇంతే లేచేది మీ చెయ్యి" అని తేల్చేసింది.

లెక్కల మాస్టారు

శభాష్. ఒక్క మనిషి మీద చేసింది రుజువు కాదు గానీ, కళ్లు మూయించడం, వరస మార్చడం, ఫోటో తీయడం, మా స్కూల్లో సైన్స్ ఫెయిర్‌లో అయితే మొదటి బహుమతి ఇచ్చేవాణ్ని. మీ ఆవిడకి ఇంకోటి.

కానీ ఫిజియో గారూ, ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. ప్లాస్టరుతోనే ఇంత వస్తుంటే, స్పర్శే మందు అయితే, ఈ వై ఆకారాలూ ఎక్స్ ఆకారాలూ విసనకర్ర ఆకారాలూ, వందల రూపాయల రోళ్లూ ఎందుకు? పేషెంటుకి చెప్పకుండా నమ్మకాన్ని అమ్మడం కాదా?

ఫిజియో కాకినాడ

సూటిగా అడిగారు, సూటిగానే చెప్తాను. చెప్పకుండా వేస్తే, అవును, నమ్మకాన్ని అమ్మడమే. "ఇది మీ కండరాన్ని బలపరుస్తుంది, వాపు లాగేస్తుంది" అని చెప్పి డబ్బు తీసుకుంటే తప్పు. నేను పేషెంటుకి చెప్పేది, "ఇది నొప్పి కొన్ని గంటలో రోజులో తగ్గించొచ్చు, తగ్గకపోవచ్చు, తగ్గితే ఆ సమయంలో వ్యాయామం చేద్దాం" అని. టేపు ప్లాస్టరు కన్నా ఎక్కడ మేలంటే భుజం లాంటి తిరిగే చోట సాగుతుంది, లేచిపోదు, స్నానానికి ఆగుతుంది. అంతే. ఆకారాల సంగతి, వై ఆకారం డెల్టాయిడ్ (భుజం మీది గుండ్రటి కండరం) చుట్టూ ముడతపడకుండా అందంగా కూర్చుంటుంది కాబట్టి వేస్తాను, అందులో వేరే మహత్తు లేదు.

మీరు ఒప్పుకోనిది ఒకటుంది, అదీ చెప్తాను. సగటు లెక్కల్లో తేడా లేదంటే ఏ ఒక్కరికీ పనికిరాదని కాదు. నొప్పికి భయపడి చెయ్యి పూర్తిగా కదపడం మానేసినవాళ్లు ఉంటారు. వాళ్లకి మొదటి రోజు ఆ 17 డిగ్రీలు వస్తే చాలు, మిగతాది వాళ్లే చేసుకుంటారు.

లెక్కల మాస్టారు

ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పగలిగితే అప్పుడు ఒప్పుకుంటాను. వేసి చూస్తే తెలుస్తుంది అనేది తాయెత్తుకి కూడా వర్తిస్తుంది.

ఫిజియో కాకినాడ

తాయెత్తు మూడో రోజుకి తీసేసి వ్యాయామం చెయ్యమనదు మాస్టారూ 🙂

డల్లాస్ బావ

ఇద్దరూ ఆగండి, శీను టోర్నమెంటు ప్రశ్న అలాగే ఉంది.

ఫిజియో కాకినాడ

అవునవును. శీను గారూ, చిరుగు లేదన్నారు కాబట్టి ఆడటం నిషేధమేం కాదు, కానీ టేపు ఉంది కదా అని స్మాష్‌లు పెంచకండి. ఆడుతున్నప్పుడు కొద్దిగా నొప్పి వచ్చి, మర్నాటికి మామూలైపోతే పర్లేదు. మర్నాడు పొద్దున షర్టు వేసుకోవడానికే కష్టమైతే మీరు ఎక్కువ ఆడినట్టు, అప్పుడు టేపు మీకు మేలు చెయ్యలేదు, కీడు చేసింది. డబుల్స్ అయితే నెట్ దగ్గర ఆట మీరు తీసుకోండి, వెనక నుంచి కొట్టే పని పార్ట్‌నర్‌కి వదిలేయండి.

వ్యాయామం మాత్రం తప్పదు. మోచేతికీ నడుముకీ మధ్య చిన్న తువ్వాలు మడత పెట్టి, రబ్బరు బ్యాండ్ కిటికీ ఊచకి కట్టి, ముంజేతిని బయటికి లాగి, వచ్చేటప్పుడు నెమ్మదిగా రండి. ఆ నెమ్మదిగా రావడమే అసలు పని. గోడకి ముంజేతులు ఆనించి పైకి జార్చడం రెండోది, సెరేటస్ లేవడానికి. బ్యాండ్ తేలికైపోతే గట్టిది మార్చాలి, అదే తేలిక బ్యాండుతో నెలలు లాగితే కండరం ఎందుకు పెరుగుతుంది? టెండన్‌కి వారాలు చాలవు, మూడు నెలల మాట అనుకోండి.

షటిల్ శీను (విజయవాడ)

నెట్ ఆట అంటే మా పార్ట్‌నర్ పండగ చేసుకుంటాడు, వాడికి స్మాష్ పిచ్చి. బ్యాండ్ కొన్నాను. టోర్నమెంటు దాకా టేపు, ఆ తర్వాత లేకుండా చూస్తా. ఇంకొక్క చిన్న డౌటు, ఇప్పుడున్న టేపు తీద్దామంటే చేతి మీద వెంట్రుకలన్నీ ఊడొస్తున్నాయి, ప్రాణం పోతోంది. ఎలా తీయాలి?

టైలరింగ్ కల్యాణి

అది నాకు బాగా తెలుసు తమ్ముడూ, ఎన్ని పీకించుకున్నానో. టేపు మీద కొబ్బరినూనె బాగా రాసి పది నిమిషాలు నాననివ్వు. తర్వాత ఒక కొస లేపి, టేపుని లాగకుండా, కింద చర్మాన్ని వేలితో వెనక్కి నొక్కుతూ రా. వెంట్రుకలు వాలిన వైపుకే తియ్యి, ఎదురు తియ్యకు.

గుంటూరు కారం

ఇంత చదివాక నాకు అర్థమైంది, కొబ్బరినూనె ఇంట్లోదే, మిగతావన్నీ కొనాలి.

నల్గొండ పోరడు

చూపెట్టినం అన్నా. స్కానింగ్ల టెండన్ సగం చిరిగింది అన్నరు. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదట, ఫిజియో చేయమన్నరు, చెట్టు ఎక్కొద్దన్నరు. నాయిన మాట ఇంటడా అన్నదే డౌటు. ఫిజియో దగ్గర ఏమేం అడగాల్నో జర రాయరాదు.

ఫిజియో కాకినాడ

నాన్నగారి రిపోర్టులో ఏ టెండన్, ఎంత లోతు అని రాశారో చూసి ఇక్కడ పెట్టు తమ్ముడూ, పేరూ ఊరూ కొట్టేసి పెట్టు. అది చూసి ఏం అడగాలో రాస్తాను. అందాకా ఆయన రాత్రి పడుకున్నప్పుడు ఎడమ చెయ్యి కింద దిండు పెట్టండి, మోచెయ్యి వెనక్కి వాలిపోకుండా. ఈరోజే నిద్ర కొంచెం పట్టొచ్చు.